ఓడ ఎక్కాల్సిన పేరు

ఆఫ్రికా నుంచి ఉద్యోగానికి పిలుపు వచ్చిందని జగన్నాధం చెప్పగానే అతని తల్లి నారాయణమ్మ గుండెలు బాదుకోలేదు, దిష్టీ తియ్యలేదు. పొయ్యి మీది అంబలి దింపి, చేతులు కొంగుకి తుడుచుకుని, కొడుకు ముందు పీట వాల్చుకుని కూర్చుంది.

"ఎల్లడానికి ఏటేటి కావాలో తరవాత సూద్దుం. ఎనక్కి రాడానికి ఏటి రాసేరో ముందు అది సదువు" అంది.

జగన్నాధం విజయనగరం అవతల జనపనార మిల్లులో ఫిట్టరు. ఇల్లు గజపతినగరంలో. ఇథియోపియా అనే దేశంలో కాఫీ గింజలకి గోనెసంచులు నేసే మిల్లు పెట్టారు. మూడేళ్ళకి ఒప్పందం, ఉండడానికి ఇల్లు ఇస్తాం, పెళ్ళాన్ని తెచ్చుకోవచ్చు అని రాశారు. వెళ్ళేటప్పుడు ఓడ ఖర్చు వాళ్ళదేనట. కాగితం రెండుసార్లు అటూ ఇటూ తిప్పినా తిరిగొచ్చే ఓడ మాత్రం అందులో కనపడలేదు. ఇంకేముంది, తల్లి మళ్ళీ రాయించింది. నెల్లాళ్ళకి జవాబొచ్చింది: రానూపోనూ ఇద్దరికీ టిక్కెట్లు మావే, ఒంట్లో బాగులేకపోతే మధ్యలో పంపించే పూచీ కూడా మాదే అని.

కోడలు నీలవేణి ఆ రోజు నించి అత్తగారిని మరో కంటితో చూడసాగింది. చదువొచ్చినవాళ్ళు కాగితంలో ఉన్నది చదువుతారు. అక్షరం ముక్క రాని ఈవిడ అందులో లేనిది చదివేసింది.

ఆ చదువు ఎక్కడ నేర్చిందంటే రంగూన్‌లో. పంతొమ్మిదో ఏట ఓడెక్కి వెళ్ళి, బియ్యం మిల్లులో ముప్ఫై ఏళ్ళు తూర్పారబట్టి, మొగుణ్ణి అక్కడి మట్టికి ఇచ్చి, పంతొమ్మిది వందల అరవై నాలుగులో కొడుకుతో, కూతురితో కట్టుబట్టలతో తిరిగొచ్చింది. రేవు దగ్గర అక్కడి అధికారులు ఒంటిమీది నగ ఒంటిమీద ఉండనివ్వలేదు. చెవులు బోసిపోయినా చేతిలో ఒక బిస్కట్ల డబ్బా మాత్రం వదల్లేదు. అందులో కాగితాలున్నాయి. ఏ కాగితం ఏదో చిరుగుని బట్టి, మరకని బట్టి, ముద్ర గుండ్రమా పలకా అన్నదాన్ని బట్టి చెప్పేది. జగన్నాధం ఫలానా ఊరివాడి కొడుకని, ఈ దేశం వాడేనని రుజువు ఆ డబ్బాలోంచే దొరికింది. అతని పాస్‌పోర్టు ఆడుతూ పాడుతూ పాసైపోయి పోర్టు దాకా వెళ్ళడానికి సిద్ధమైంది.

ఈలోగా అత్తగారి ఏర్పాట్లు చూడాలి. ఆఫ్రికా అంటే మండిపోతుందని ఊరంతా పల్చటి చీరలు కొనుక్కోమంది. ఆవిడ ఊరి మాట వినకుండా, జాగ్రఫీ చెప్పే మాస్టారి దగ్గరికి వెళ్ళి నిలబడి, ఆ ఊరు సముద్రం మీద ఉందా, కొండ మీద ఉందా అని అడిగింది. అరకు కంటే రెట్టింపు ఎత్తని తేలింది. మర్నాడే శృంగవరపుకోట సంతకి వెళ్ళి నాలుగు దుప్పట్లు, రెండు ఉన్ని శాలువాలు తెచ్చి పడేసింది. దుప్పటి కప్పుకుంటే కదా తెలిసేది, ఊరి మాటల్లో ఎంత వేడుందో.

ఉన్న ఎకరంన్నర అమ్మేద్దామని జగన్నాధం అంటే, అమ్మితే మళ్ళీ అమ్మా అన్నా రాదు, కౌలుకిచ్చి కాగితం రాయించు అంది. ప్రతి కాగితానికీ మూడు నకళ్ళు తీయించింది: ఒకటి పెట్టెలో, ఒకటి ఒంటిమీద, ఒకటి తన డబ్బాలో. టీకాలు దగ్గరుండి వేయించింది. మశూచికానికి ఒకటి, కలరాకి ఒకటి. ఏది ఎన్నేళ్ళు పనిచేస్తుందో, పుస్తకంలో ఎక్కడ ముద్ర పడాలో కాంపౌండరు చేత చెప్పించుకుని, టీకాకి తాత్పర్యంతో సహా కోడలికి ఒప్పజెప్పింది. ఎల్లో ఫీవరుకి వేసే మూడో టీకా బొంబాయిలోనే వేస్తారట, అది పనిచెయ్యడానికి పది రోజులు పడుతుందట. అందుకని ఓడకి పన్నెండు రోజులు ముందే అక్కడ దిగాలని లెక్కగట్టింది కూడా ఆవిడే.

"దిగిన రోజున నీళ్ళు అడగడానికి ఆళ్ళ మాట ఒకటి నేర్సుకోండి. మిగతాయి తరవాత అయే వొస్తాయి" అని కూడా అంది. రంగూన్‌లో నీళ్ళని 'యే' అంటారట. దిక్కు తోచక ఈవిడ ప్రతిదానికీ "ఏ?" అంటుంటే, మొదటి వారమంతా చెంబులతో నీళ్ళు తెచ్చి ఇచ్చేవారట. ఆ మాట చెప్పి ఆవిడ నవ్వలేదు. నీలవేణికే పొలమారింది.

ఇంత పకడ్బందీ ప్రయాణానికి జూన్ మొదటి వారంలో పాస్‌పోర్టు ఆఫీసు నుంచి ఒక కవరొచ్చి అడ్డం పడింది. జూలై ఇరవయ్యో తేదీన బొంబాయిలో ఓడ. కవర్లో ఉన్నదేమిటంటే: దరఖాస్తులో భార్య పేరు నీలవేణి అని ఉంది. రుజువుగా పెట్టిన స్కూలు సర్టిఫికెట్టులో నారాయణమ్మ అని ఉంది. ఈ ఇద్దరిలో ఎవరు ఎవరు? ఇద్దరూ ఒకరే అని తహసీల్దారు ధ్రువపత్రం ఇస్తే తప్ప పాస్‌పోర్టు రాదు.

అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. నీలవేణి పుట్టుకతో నారాయణమ్మ. బళ్ళో నారాయణమ్మ, శుభలేఖలో నారాయణమ్మ. పెళ్ళైన మర్నాడు అత్తారింటి గడప దాకా కూడా నారాయణమ్మే. గడప దగ్గరే అసలు కథ జరిగింది.

కొత్త దంపతులు ఇంట్లోకి రావాలంటే ఆడపడుచు గుమ్మానికి అడ్డంగా నిలబడుతుంది. పేర్లు చెబితేనే దారి. ఆ రోజు గుమ్మంలో ఆడపడుచు లక్ష్మీనరసమ్మ చేతులు చాపి నిలబడితే, జగన్నాధం తలవంచుకుని "నేనూ, నా భార్య నారాయణమ్మా వచ్చాం" అన్నాడు. లోపల హారతి పళ్ళెం సర్దుకుంటున్న తల్లి తననే పిలిచాడనుకుని "నాను లోపలే ఉన్నానురా" అని పలికింది.

వీధి వీధంతా కడుపు పట్టుకుంది. పెళ్ళికొడుకు మొహం పారాణి కంటే ఎర్రబడింది. కన్నతల్లి పేరు పెట్టి పెళ్ళాన్ని పిలవడమా అని పెద్దలు అక్కడికక్కడే తీర్మానం చేశారు. అత్తగారే గుమ్మంలోకొచ్చి, ఈ పిల్ల నేటి నుంచి నీలవేణి అని ప్రకటించి హారతిచ్చింది. అలా కుడికాలు లోపల పెట్టేసరికి ఎడంకాలితో పాటు పేరు బయటే ఉండిపోయింది. రేషన్ కార్డులో, ఓటర్ల జాబితాలో, అందరి నోళ్ళలో ఆమె నీలవేణే. తెచ్చుకున్న సామానులో తనతో గడప దాటనిది అదొక్కటే అని ఆమెకి అప్పుడప్పుడూ తోచేది. కానీ నారతో బతికే ఇంట్లో ఒక నారాయణమ్మ చాలులే అనుకుని నవ్వేసుకునేది.

ఇప్పుడా నవ్వు రాలేదు. జగన్నాధం తల గోక్కుని, నేను ముందెళ్ళి చేరతాను, కాగితాలు తేలాక నిన్ను పిలిపిస్తాను అన్నాడు. నీలవేణి తల ఊపింది. ఊపడం వరకే ఆమె చేతిలో ఉంది. కళ్ళు ఆమె మాట వినలేదు.

అత్తగారు మాత్రం విన్నది.

"మీ అయ్యా అలాగే అన్నాడు" అంది కొడుకుతో. "ముందెల్తాను, ఎనకాల పిలిపిత్తానని. నాలుగేళ్ళు సూసినాను. అయిదో ఏడు నానే ఓడెక్కేసినాను. అప్పుడు కాయితాలు అడిగీవోడే నేకపోబట్టి ఎక్కనిచ్చేరు. ఇప్పుడు దీన్ని ఎవుడెక్కనిస్తాడు?"

తహసీల్దారు విచారణ అనగానే ఆ ఇంట్లో విచారం మొదలయ్యే మాట నిజమే గానీ, ఆవిడకి విచారం వేరు, విచారణ వేరు. మర్నాడే కోటబొమ్మాళిలో ఉన్న కూతురికి ఉత్తరం రాయించింది.

తాలూకా కచేరీలో మొదటి రోజు ఏమీ తేలలేదు. స్కూలు సర్టిఫికెట్టులో గుర్తుల దగ్గర ఎడమ మోచేతి కింద కాలిన మచ్చ అని ఉంది. నీలవేణి మోచేతి కింద మచ్చా ఉంది. అంటే ఈమె నారాయణమ్మేనని తేలింది, సంతోషం అన్నాడు గుమాస్తా. మరి జగన్నాధం భార్య నీలవేణి అని రేషన్ కార్డు చెబుతోంది కదా, ఆ నీలవేణిని ఇంట్లో దాచి ఈ నారాయణమ్మని ఓడెక్కిస్తున్నాడేమో, ఎవరు చూడొచ్చారు అని కూడా అన్నాడు. ఇద్దరు పెళ్ళాలున్నవాడిని చూసినట్టు జగన్నాధాన్ని పైనుంచి కిందికి చూశాడు. ఒక్క పెళ్ళాన్ని ఓడెక్కించలేక చస్తుంటే రెండో పెళ్ళాం కీర్తి దక్కింది ఆ అమాయకుడికి.

రెండో రోజు నారాయణమ్మ ఒంటరిగా రాలేదు. కూతురు లక్ష్మీనరసమ్మ, పక్కింటి బుల్లమ్మ, పెళ్ళికి వంట చేసిన దాలయ్య, సన్నాయి ఊదిన కూర్మయ్య, మరో ముగ్గురు వీధివాళ్ళు వెనకాల వచ్చారు. ఎడ్లబండి దిగిన ఆ జనాన్ని చూసి బంట్రోతు, పెళ్ళివారు దారి తప్పారనుకున్నాడు.

తహసీల్దారు నెరిసిన మీసాల మనిషి. సాక్షులంటే ఆయనకి నమ్మకం తక్కువ. ఒకే పాఠం అప్పజెబుతారు, నేర్పించి తెస్తారు అన్నాడు.

నారాయణమ్మ చేతులు కట్టుకుని నిలబడింది. "నేర్పించినాననుకుంటే ఒక్కొక్కరినీ ఇడిగా పిలవండి బాబూ. ఈ పిల్ల పేరు ఏటని అడక్కండి. గడప కాడ ఏటయిందని అడగండి."

ఆ మాటలో ఏముందో తహసీల్దారుకి అర్థం కాలేదు, నీలవేణికీ కాలేదు. బయట బల్ల మీద కూర్చుని ఆమె తన గోళ్ళు చూసుకుంటోంది. ముందు బుల్లమ్మ లోపలికి వెళ్ళింది. కాసేపటికి గదిలోంచి బుల్లమ్మ నవ్వు వినపడింది. తరవాత దాలయ్య వెళ్ళాడు. చెప్పకుండానే నవ్వాడు, చెబుతూ దగ్గాడు. సన్నాయి కూర్మయ్య అయితే ఆ రోజు నవ్వాపుకోలేక ఊపిరి తప్పి మంగళవాద్యం మధ్యలో కీచుమందని, తన వృత్తిలో అదొక్కటే మచ్చ అని వాపోయాడు. నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి మీసాల కింద తహసీల్దారు గారి పెదవులూ కదిలాయి. ఆరో మనిషి "అప్పుడు లోపల్నించి ఈవిడ" అనగానే, "నాను లోపలే ఉన్నానురా అంది, అంతేనా" అని ఆయనే పూర్తిచేశాడు.

లక్ష్మీనరసమ్మ చివర వెళ్ళి, నేనే దారి అడ్డుకున్నాను బాబూ, ఆ అడ్డే ఇప్పటికీ తొలగలేదు అంది.

అందర్నీ లోపలికి పిలిచాడు తహసీల్దారు. "ఏడుగురు ఒకే అబద్ధం చెప్పగలరు. ఏడుగురు ఒకే నవ్వు నవ్వలేరు" అన్నాడు గుమాస్తాతో. గుమాస్తా ఆ నవ్వుని ఏ కాలమ్‌లో రాయాలో తెలియక కలం పట్టుకుని చూశాడు.

"ఒక్కటి మిగిలింది. భర్త నా ఎదుట తన నోటితో చెప్పాలి. ఈవిడ పేరేమిటి?"

జగన్నాధం నోరు తెరిచాడు. తల్లి రెండు అడుగుల దూరంలో నిలబడి ఉంది. ముప్ఫై మంది కూలీల్ని కేకేసేవాడు ఆవిడ వైపు చూశాడు. ఒక్క పేరు, అయిదే అక్షరాలు. అవి బయటికి రాకపోతే ఓడ వెళ్ళిపోతుంది.

"సెప్పరా" అంది నారాయణమ్మ మెల్లగా. "ఈసారి నాను పలకను."

"నారాయణమ్మ" అన్నాడు జగన్నాధం. "నా భార్య నారాయణమ్మ."

గదిలో ఎవరూ నవ్వలేదు. సన్నాయి కూర్మయ్య ఒక్కడు ముక్కు తుడుచుకున్నాడు. తహసీల్దారు సంతకం చేశాడు, ముద్ర పడింది. గుండ్రటి ముద్ర అని నారాయణమ్మ దూరం నుంచే పోల్చుకుంది.

అక్కడే బల్ల మీద కొత్త దరఖాస్తు నింపుతూ గుమాస్తా, ఆపదొస్తే ఈ దేశంలో ఎవరికి కబురు చేయాలి అని అడిగాడు. నారాయణమ్మ అని చెప్పింది నీలవేణి. గుమాస్తా కలం ఆగిపోయింది. మళ్ళీ మొదటికొచ్చాం, వెళ్ళేదీ నారాయణమ్మే, కబురందేదీ నారాయణమ్మేనా అన్నాడు.

"అవునండి" అంది నీలవేణి. "ఒకరు ఎల్లీవోరు. ఒకరు రంగూన్ ఎల్లొచ్చీసినోరు."

ఇంటికొచ్చాక, సాయంత్రం బావి దగ్గర కోడలు బట్టలు పిండుతుంటే ఇంటివైపు నించి "నారాయణమ్మా" అని కేక వినిపించింది. ఎవరో పక్కింటివాళ్ళు అత్తని పిలుస్తున్నారనుకుని ఆమె పిండుతూనే ఉంది. మరో కేక. అదీ పట్టించుకోలేదు. అత్తగారు విసవిసా వచ్చి ఎదురుగా నిలబడింది.

"పలకవేటే? రేపు ఓడ కాడ దొరగారు ఇలాగే పిలిసి, నువ్వు ఇలాగే నిలబడిపోతే ఏటవుతాది? పెట్టెలు ఎల్తాయి, నువ్వుండిపోతావు."

అన్ని ఏర్పాట్లూ అయ్యాయనుకున్న నీలవేణికి, ఇదొకటి మిగిలిందన్న సంగతి తట్టనే లేదు. మూడేళ్ళుగా ఎవరూ పిలవని పేరుకి చెవిని మళ్ళీ అలవాటు చెయ్యాలి. ఆ రోజు నుంచి నారాయణమ్మ తన పేరు తానే రోజుకి నలభైసార్లు అరుచుకుంది. పెరట్లోంచి, వీధిలోంచి, పొయ్యి దగ్గర్నించి అరిచింది. ఎవరికో పురాణం చెబుతూ మధ్యలో కూడా అరిచింది. వీధిలో జనం ఈవిడకి మతి పోయిందనుకున్నారు. వారం దాటాక కోడలు మూడో కేకకి, రెండో వారం దాటాక రెండో కేకకి తలెత్తసాగింది.

పాస్‌పోర్టు జూలై మూడున వచ్చింది. అయిదున బొంబాయి రైలు. పెట్టెలు బండికెక్కాయి. నీలవేణి గడపకి పసుపు రాసి, వంగి దణ్ణం పెట్టుకుంటోంది.

"నారాయణమ్మా" అంది లోపల్నించి అత్తగారు, గొంతు పెంచకుండా.

"ఏటత్తా" అని తిరిగింది కోడలు, మొదటి కేకకే.

నారాయణమ్మ బిస్కట్ల డబ్బా మూత మూసి, చంకలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఏటీ నేదు. పలికినావు గదా, సాలు. ఇంక ఎల్లొచ్చు" అంది.