ఇక్కడే కుట్టినది

బ్లేడు మూలతో మొదటి కుట్టు తెంపింది. రెండోది కూడా. ఆ తర్వాత తెంపనక్కర్లేదు, దారం కొస పట్టుకుని లాగితే మిగతావి వాటంతటవే ఊడొస్తాయి. ఏదో దూరదేశం పేరున్న చిన్న గుడ్డముక్క చేతిలోకి వచ్చింది. దాన్ని బల్ల కింద డబ్బాలో వేసి, అదే చోట, అవే సూది బెజ్జాల్లో ‘ఇక్కడే కుట్టినది’ అన్న కొత్త ముక్క పెట్టి కుట్టింది. చొక్కా మడిచి పక్కన పెట్టి, ఇంకోటి అందుకుంది.

అందరూ ఆమెని కాలరక్క అంటారు. ఇరవై నాలుగేళ్ళు ఈ షెడ్డులో కాలర్లు కుట్టింది. కాలరంటే మాటలా! రెండు కొసలూ అచ్చు గుద్దినట్టు రావాలి. ఇప్పుడా పని లేదు. అరవై మెషీన్లలో యాభై ఎనిమిదింటికి ముసుగులు పడ్డాయి. “ఇక్కడ కుట్టిస్తే మనకి గిట్టదమ్మా, అక్కడ సగానికే కుడుతున్నారు” అంటూ రెండేళ్ళ కిందట యజమాని దాదాపు అందర్నీ ఇంటికి పంపేశాడు. ఈమెని ఉంచాడు. ఎందుకయ్యా అంటే, చెయ్యి శుభ్రం. ఈమె మార్చిన ముక్కని ఎంత పరకాయించి చూసినా ఎవరూ పట్టుకోలేరు. అంత పనితనమూ ఆఖరికి ఇందుకు పనికొచ్చింది!

పొద్దున పనికి వస్తుంటే పక్కింటి టీచరమ్మ ఆపి, మొగుడికి కొన్న చొక్కా చూపించింది.

“బయటివి ఇంకా చవకే. అయినా మనవే కొన్నా. మీ ఇళ్ళల్లో పొయ్యి వెలగాలి కదా!”

కాలరక్క నవ్వింది. ఏం చేస్తుంది మరి? ఆ చొక్కా తను మడిచిందే. ఫ్యాక్టరీ గేటు దాకా చెవులు వేడిగానే ఉన్నాయి.

మధ్యాహ్నం గంట కొట్టగానే ఫ్లాస్కులో టీ పోయించుకుని వెనక వీధికి వెళ్ళింది. అక్కడ కటింగ్ మాస్టారి ఇల్లు. పదహారేళ్ళ పిల్లగా చేరినప్పుడు ఆమెకి కత్తెర పట్టుకోవడం నేర్పింది ఆయనే. పని మానేసి అయిదేళ్ళయింది. చూపు మందగించింది. చెవి మరీ అన్యాయం. కిటికీ పక్క పడక్కుర్చీలో కూర్చుని, ఈ టీ కోసమే ఎదురు చూస్తుంటాడు.

“ఏమే పిల్లా, మెషీన్లన్నీ నడుస్తున్నాయా?”

“అన్నీ, మాస్టారూ!”

“ఆఁ?”

“అన్నీ నడుస్తున్నాయి!”

అబద్ధమాడేవాళ్ళు గొంతు తగ్గిస్తారు. ఆమెకి ఆ వెసులుబాటు కూడా లేదు, గొంతు చించుకుని అరవాలి. ఎదురింట్లో కాజాలు కుట్టే ఆవిడ ఉంటుంది. పని పోయిన వాళ్ళలో ఆవిడ ఒకతి. ఈ అరుపు వినబడగానే రోజూ తలుపు వేసేసుకుంటుంది. ఇవాళా వేసుకుంది.

అయినా కాలరక్క రావడం మానదు. తనని ఇంకా పనిమంతురాలిగా చూసేది ఈ ముసలాయన ఒక్కడే. ఈయన దగ్గర కూడా ఆ మర్యాద పోతే ఇక ఎక్కడా లేదు.

ఇవాళ సంచిలో చొక్కా ఒకటి తెచ్చింది. మామగారి చొక్కాలన్నీ చివికిపోయాయని మాస్టారి కోడలు అంటే, యజమానిని అడిగి తీసుకుంది. మాస్టారు దాన్ని ఒళ్ళో పరుచుకుని వేళ్ళతో తడిమాడు. భుజం, చంక, కాలరు. కాలరు దగ్గర వేళ్ళు ఆగాయి.

“నువ్వే కుట్టావా?”

చెప్పేస్తే పోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

“నేనే!” అని అరిచింది.

“కొస కాస్త మొద్దుబారిందేం? ఒంట్లో బాగాలేదా?”

“తొందరలో కుట్టాను మాస్టారూ!”

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒకసారి నొక్కి వదిలేశాడు. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది ఆమెకి. తాగిన గ్లాసు కడగకుండానే వచ్చేసింది.

సాయంత్రం పని దిగి వస్తుంటే వెనక వీధిలో జనం. మాస్టారి గుమ్మం ముందే. కోడలు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

“నాలుగింటికి పలకరిస్తే పలకలేదక్కా. కుర్చీలోనే, నిద్రలోనే…”

లోపల మంచం మీద పడుకోబెట్టారు. కొత్తదని ఆ చొక్కానే తొడిగారు.

“నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ దాన్నే తడుముతూ కూర్చున్నారు,” కోడలు ముక్కు తుడుచుకుంటూ చెప్పింది. “సూదికి దారం ఎక్కించి ఇమ్మన్నారు. గుండీలు ఊగుతున్నాయట. ‘పిల్ల ఏదో దిగుల్లో ఉండి కుట్టింది, ఎవరి కంటనైనా పడితే దాని పేరు పోతుంది, నువ్వు మాత్రం దానికి చెప్పకు’ అని, ఒక్కోటీ తెంపి మళ్ళీ కుట్టారు. కనబడక ఎన్నిసార్లు వేలికి గుచ్చుకున్నారో!”

కాలరక్క వంగి చూసింది. పైనుంచి అయిదు గుండీలు. కింద దారం మెలి చుట్టి, బిగించి, ముడి లోపలికి దాచి కుట్టిన గుండీలు. ఆమెకి ఆయన నేర్పిన పద్ధతే. ఆరోది మాత్రం వచ్చినప్పటిలాగే వదులుగా వేలాడుతోంది.

ఆమె ఆయన చెవి దగ్గరికి వంగింది.

“అది నేను కుట్టలేదు మాస్టారూ,” అంది, మెల్లగా.

కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. దాని చేతికి చుట్టిన గుడ్డలో సూది గుచ్చి ఉంది, ఇంకొక్క గుండీకి సరిపడా తెల్లదారంతో.