జనం లేని మఠం

స్కార్‌బెక్ ఊళ్ళో కెమెరా లేని ఇల్లు లేదు గానీ, ఫొటో తీయడం తెలిసిన మనిషి మాత్రం హెస్టర్ రెయిన్ ఒక్కతే. ఈ మాట ఆమే అనేది. బడిలో గుమాస్తాగా పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోలేదని ఏడవనూ లేదు. వాన వెలిసిందంటే చాలు, కెమెరా స్టాండు భుజాన వేసుకుని మెట్‌కాఫ్ వాళ్ళ పొలం గుండా పోయే కాలిదారి పట్టేది. ఏటి ఒడ్డున పాత మఠం ఉంది. పైకప్పు ఎప్పుడో కూలింది. మిగిలినవి తూర్పు కమానూ, రెండు గోడలూ, వాటి మీద కాకులూ.

ఆ మఠంతో ఒకటే చిక్కు, జనం. కాస్త ఎండ కాస్తే కుక్కలతో వచ్చేవాళ్ళు, దుప్పట్లు పరుచుకుని కూర్చునేవాళ్ళు, గోడలెక్కి దూకే పిల్లలు. కమాను మీద వెలుగు సరిగ్గా పడే క్షణానికి ఎవడో ఒకడు ఎర్ర వానకోటు వేసుకుని దాని కింద నిలబడి శాండ్‌విచ్ తింటూ ఉండేవాడు. హెస్టర్‌కి ఒళ్ళు మండిపోయేది.

ఈ గోడునంతా ఒకసారి పొలం ఆసామి ఆల్బన్ మెట్‌కాఫ్ దగ్గర వెళ్ళబోసుకుంది. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు. ఆల్బన్ అప్పటికి నవ్వి ఊరుకున్నాడు. ఆ ఫిబ్రవరిలో ఫోన్ చేశాడు.

"రేపు కాలిదారి గేటుకి తాళం వేస్తున్నా హెస్టర్. పొద్దున్నే వచ్చెయ్. మఠం మొత్తం నీదే."

ఆమె పొంగిపోయింది. మరి పొంగిపోదూ? తన కోసం ఒక మనిషి ఏదైనా చేయడం ఆమె ఎరుగునా అంటే, అదే మొదలు. మర్నాడు వెళ్ళేసరికి గడ్డి మీద మంచు పేరుకుని ఉంది. గేటుకి గొలుసు, గొలుసుకి తాళం, పక్కన 'ఈ రోజు దారి లేదు' అని చెక్క పలక. ఆల్బన్ ఆమెను లోపలికి పంపబోతూ ఆగి, ముందు ఇక్కణ్ణించి ఒకటి తియ్యమన్నాడు. గేటు ముందుంటే వెనక మఠానికి లోతు వస్తుందట. గొర్రెలు పెంచేవాడికి ఇంత కన్నుందా అని ఆమె ముక్కున వేలేసుకుంది. నిజంగానే ఆ ఫొటో బాగా వచ్చింది.

అది మొదలు ఏటా ఫిబ్రవరిలో ఒకసారి ఫోన్ వచ్చేది, గేటు మూతపడేది. ఆ చలిలో, ఆ బురదలో పనిదినాన ఎవరూ అటు తొంగి చూడరు కాబట్టి సంగతి ఊరికి తెలియలేదు. ఆమె చెప్పనూ లేదు. చెబితే నానా మాటలూ అంటారు, పైగా అది వాళ్ళిద్దరి మధ్యా ఉన్న ముచ్చట. ప్రతి ఏడూ ఒక ఫొటో కడిగించి, వెనక తేదీ వేసి, సంతకం చేసి ఆల్బన్‌కి ఇచ్చేది. అతను వాటికి ఫ్రేములు కట్టించి నడవాలో వరసగా తగిలించుకున్నాడు. టీకి పిలిచినప్పుడల్లా ఆ గోడ చూసుకుని మురిసిపోయేది, పిచ్చిది.

ఇరవై ఏళ్ళు దాటాయి. ఆల్బన్ పొలంలో సెలవులకొచ్చేవాళ్ళ కోసం చెక్క ఇళ్ళు కట్టిస్తానన్నాడు, కాలిదారి ఇక ఉండదన్నాడు. ఊరు భగ్గుమంది. ఇరవై ఏళ్ళపాటు అడ్డూ ఆపూ లేకుండా జనం నడిచిన దారి జనానిదే అని చట్టం. అది తేల్చడానికి ప్రభుత్వం ఒక అధికారిని పంపుతోందని తెలిసి, హెస్టర్ పక్కింటి బెరిల్ ఇల్లిల్లూ తిరిగి సాక్షుల్ని పోగేసింది. మొదటి సాక్షి హెస్టరే. దారి పోతే ఆమెకి మఠం పోయినట్టే. ఆల్బన్ మీద కోపం వచ్చింది గానీ ఎదురుపడి పోట్లాడే మనసు రాలేదు. 'నా ఎరుకలో ఆ దారి ఒక్కరోజు కూడా మూయలేదు' అని ప్రమాణం చేసి రాసిచ్చింది. అబద్ధం చెబుతున్నానన్న ఊహే ఆమెకి లేదు. మూయడమంటే జనాన్ని అడ్డుకోవడం. ఫిబ్రవరిలో జరిగేది మూయడం కాదు, తనకిచ్చే కానుక.

విచారణ ఊరి హాల్లో జరిగింది. కుర్చీలు చాలక కొందరు గోడలకి ఆనుకుని నిలబడ్డారు. హెస్టర్ వంతు రాగానే ఆల్బన్ వకీలు ఒక పెట్టె తెరిచి, ఆ ఫ్రేములన్నీ ఒక్కటొక్కటే బల్ల మీద పేర్చాడు. అవి తమరు తీసినవేనా అని మర్యాదగా అడిగాడు. తనవేనంది.

"ఇవి తీసిన రోజుల్లో గేటుకి తాళం ఉందాండీ?"

హెస్టర్ ఆల్బన్ వైపు చూసింది. అతను తన బూట్లు చూసుకుంటున్నాడు.

"ఉంది. కానీ అది నా కోసం వేసింది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. వకీలు నవ్వలేదు. ఏడాదికి ఒక్కరోజు తాళం వేసి పలక తగిలిస్తే దారి యజమానిదిగానే ఉంటుందనీ, మెట్‌కాఫ్ వాళ్ళు తాతల నాటి నుంచీ ఫిబ్రవరిలో ఆ పని చేస్తున్నారనీ, కాకపోతే రుజువు లేకపోయిందనీ తాపీగా విడమర్చి చెప్పాడు. ఇప్పుడు రుజువు దొరికింది, తేదీలతో, సంతకాలతో, అదీ అవతలి పక్షం మనిషి చేత్తో. అధికారి ఆమె రాసిచ్చిన కాగితం ముందుకి జరిపి, ఈ మాట వెనక్కి తీసుకుంటారా అని అడిగాడు. తీసుకుంటానంది. తల కొట్టేసినట్టయింది.

బయట ఆల్బన్ ఫ్రేముల పెట్టె బండిలో పెట్టుకుంటున్నాడు. హెస్టర్ తిన్నగా అతని దగ్గరికి నడిచింది.

"ఒక్క ఏడైనా నా కోసం మూశావా ఆల్బన్?"

"ఎలాగూ మూయాల్సిన రోజే కదా," అన్నాడతను, గొర్రెల సంగతి మాట్లాడినంత మామూలుగా. "నీకు ఫొటో కావాలి, నాకు సాక్ష్యం కావాలి. ఆ చలిలో నువ్వు కాకపోతే ఇంకెవరొస్తారు చెప్పు?"

"జనం అడ్డమని నీ దగ్గరే ఏడ్చాను. ఒక్క ఫొటోలోనూ మనిషి లేడని గర్వపడ్డాను. వాళ్ళని నా చేతే గెంటించావు కదా నువ్వు."

ఆల్బన్‌కి అప్పుడు కాస్త ఇబ్బంది అనిపించినట్టుంది. పెట్టె వదిలి ఆమె భుజం తట్టబోయాడు.

"ఊరుకో హెస్టర్. నీకు తాళంచెవి ఒకటి ఇస్తాలే. నీకిష్టం వచ్చినప్పుడు రావచ్చు."

హాలు మెట్లు దిగుతున్న బెరిల్ ఆ మాట విని ఆగిపోయింది. ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"అదా బేరం," అంది.

హెస్టర్ కాదని చెప్పేలోపే బెరిల్ కారెక్కి తలుపు వేసుకుంది.