నా నడుం, ఆయనకు కాపడం

"సీటు మళ్లీ ముందుకే వదిలేశావు! మోకాలు వెళ్లి స్టీరింగుకి కొట్టుకుంది" అని చెప్పడానికి మావారు కింద పార్కింగులోంచి ఫోన్ చేశారు. నేనప్పుడు పిల్లల టిఫిన్ డబ్బాలు తోముతున్నాను. సబ్బు చేత్తోనే ఫోన్ చెవికి ఆనించుకుని "మర్చిపోయానండీ" అన్నాను. పొద్దున్నే ఆ కారులో పిల్లల్ని బడి దగ్గర దింపి, అటునుంచటే కొండ దారిలో పైదాకా నడిపి, ఏ మలుపులో ఎలా తిరుగుతోందో, ఏ ఎత్తు ఎక్కడానికి ఆయాసపడుతోందో చూసుకుని వచ్చిన మనిషిని నేను. సీటు వెనక్కి జరపలేదని చీవాట్లు తిన్నదీ నేనే.

మావారికి కార్ల చానెల్ ఉంది. కంపెనీలు కొత్త కార్లను వారం పది రోజులు చేతికిస్తాయి, ఆయన కెమెరా ముందు నిలబడి అవి ఎలా నడుస్తాయో చెబుతారు. జనం ఆయన్ని ముద్దుగా 'టర్బో అన్న' అంటారు. నన్ను 'వదిన' అంటారు. ఆయన గొంతు కాస్త బొంగురుపోతే చాలు, వీడియో కింద "వదిన కాఫీ ఇవ్వలేదా అన్నా?" అని రాస్తారు. ఇచ్చింది నాయనా, వదిన కాఫీ ఇచ్చింది. మీ అన్న చెప్పిన ప్రతి ముక్కా రాసి, ఆయన నోటికి అందించింది కూడా వదినే.

ఇది ఒక్కరోజులో మొదలవలేదు. మొదట్లో ఒకటి రెండు వాక్యాలు దిద్దమన్నారు. పెళ్లికి ముందు నేను పత్రికలో పనిచేశాను కాబట్టి అది నాకు తేలికే. తర్వాత మొత్తం రాయమన్నారు. నడపకుండా ఎలా రాస్తానని అడిగితే, "నువ్వెలాగూ పిల్లల్ని దింపడానికి వెళ్తావుగా, అదే చేత్తో కాస్త నడిపి చూడు" అన్నారు. అదే చేత్తో! మా ఇంట్లో నేను చేసే ప్రతి పనీ అదే చేత్తో అయిపోతుంది. అదే చేత్తో అత్తయ్య మందులు, అదే చేత్తో ఆయన చొక్కాల ఇస్త్రీ, అదే చేత్తో కారు రివ్యూ. చెయ్యి నొప్పెడుతోందా అని మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఈసారి వచ్చింది చిన్న క్రాసోవరు. మామూలు చిన్న కారు కంటే ఎత్తు, పెద్ద ఎస్‌యూవీ కంటే పొట్టి. లీటరు పెట్రోలు ఇంజను, మూడే సిలిండర్లు, దానికో టర్బో. నూట పదిహేను హార్స్‌పవరు, నూట డెబ్బై అయిదు న్యూటన్ మీటర్ల టార్కు, ఆరు గేర్లు. ఇవన్నీ కంపెనీవాళ్లు ఇచ్చిన కాగితంలోనే ఉన్నాయి, మావారు వాటిని గుక్క తిప్పుకోకుండా చెప్పేయగలరు. నడిపితే తప్ప తెలియనివి వేరే ఉంటాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆ మూడు సిలిండర్ల వణుకు స్టీరింగులోంచి అరచేతులకు తెలుస్తుంది. పద్దెనిమిది వందల ఆర్‌పీఎం దాటేవరకు టర్బో నిద్ర లేవదు. అంతవరకు ఎంత తొక్కినా ఇంజను మూలుగుతుంది. దాటిందా, ఒక్క ఊపున వీపుని సీటుకేసి అదిమి మరీ తీసుకుపోతుంది. కొండ ఎక్కుతూ రెండో గేరులోకి దించి, మలుపు తిరిగి దారి తిన్నగా అవుతుండగా కాలు నొక్కితే వచ్చే ఆ లాగుడు నాకెంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు. ఆ కాసేపూ నన్ను ఎవరూ పిలవరు. పొయ్యి మీద ఏదీ మాడదు. నా కాలు చెప్పినట్టు ఒక యంత్రం వింటుంది. మావారు నడిపితే కారు నడుస్తుంది, అంతే. అది ఏం చెబుతోందో ఆయన చెవిన పడదు. ఎత్తు ఎక్కుతూ కూడా మూడో గేరులోనే ఉండి, ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోతే, "పెట్రోల్లో ఏదో కల్తీ" అంటారు.

ఈ కారు గురించి రెండు భాగాలుగా చేద్దామన్నారు. మొదటిది ఊళ్లో నడపడం. దీని సస్పెన్షన్ గట్టిది. వేగంగా వెళ్తే ఒద్దికగా ఉంటుంది గానీ, మెల్లగా వెళ్తే ప్రతి గతుకూ వెన్నులోకి వస్తుంది. అందుకే "నాలుగు రోజులు గతుకుల రోడ్ల మీద తిప్పేసరికి నా నడుం పట్టేసింది, వంగి లేవాలంటే ప్రాణం పోయి వచ్చింది" అని రాశాను. నిజంగా పట్టేసింది కాబట్టే రాశాను. ఆయన ఆ వాక్యం దగ్గర నడుం మీద చెయ్యేసుకుని, మొహం ముడుచుకుని చెప్పారు. నటన బాగుందని కెమెరా వెనకనుంచి నవ్వుకున్నాను కూడా, బుద్ధిలేక.

ఆ సాయంత్రం అత్తయ్య హాల్లో టీవీలో ఆ వీడియో చూస్తున్నారు. నడుం మాట రాగానే గుండె మీద చెయ్యి వేసుకున్నారు.

"అయ్యో నాయనా! అంత నొప్పి కడుపులో పెట్టుకుని ఒక్క మాటైనా చెప్పలేదేంట్రా?" అని, వంటింటి వైపు తిరిగి, "అమ్మాయ్, వేడినీళ్ల సంచి తెచ్చి వాడికి కాపడం పెట్టు. మగాడు బయటపడడమ్మా, మనమే కనిపెట్టుకోవాలి" అన్నారు.

నేను ఆయన వైపు చూశాను. 'నాకేం లేదమ్మా, ఆ నొప్పి దానిది' అంటారని చూశాను. అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆయన ఫోన్ పక్కన పెట్టి, సోఫాలో బోర్లా పడుకుని, చొక్కా పైకి లాక్కున్నారు. పట్టేసిన నడుంతో నేను వంగి, నిక్షేపంలాంటి ఆయన నడుంకి కాపడం పెట్టాను. "కొంచెం కిందకి... ఆ, అక్కడే" అన్నారు. సొమ్మొకడిది సోకొకడిది అని సామెత ఉంది. నొప్పి ఒకరిది కాపడం ఒకరిది అని ఎందుకు లేదో నాకప్పుడు అర్థమైంది. సామెతలు కట్టేవాళ్లు కూడా ఆ టైముకి సోఫాలో బోర్లా పడుకుని ఉంటారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా మెల్లగానే అడిగాను, సంచి తియ్యకుండా.

"రెండో భాగంలో, దీన్ని నడిపిందీ రాసిందీ నేనని ఒక్క మాట చెప్పండి."

ఆయన తల ఇటు తిప్పారు. "ఎందుకు?"

"నిజం కాబట్టి."

నవ్వారు. కోపం రాలేదు ఆయనకి, అందుకే నాకు ఇంకా మండింది. "పిచ్చిదానా, మన ఇంట్లో నీది నాది అని ఉంటుందా? అయినా టర్బో గురించి ఆడవాళ్లు చెప్తే ఎవడు నమ్ముతాడు? ఇలా చేద్దాం. చివర్లో నీకు చిన్న ముక్క పెడదాం, 'వదిన మాట' అని. రంగులు, అద్దం, వెనక డిక్కీలో సరుకులు ఎన్ని పడతాయి, అలాంటివి చెప్పు. సరదాగా ఉంటుంది."

"దానికేం, పెద్దమనసుతో అంటున్నాడు, ఒప్పుకో" అన్నారు అత్తయ్య.

మర్నాడు వాషింగ్ మెషిన్ తిరుగుతుంటే దాని పక్కనే కూర్చుని రెండో భాగం రాయబోయాను. 'నేను కొండ ఎక్కుతుంటే' అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయాను. ఆ 'నేను' వైపే చూస్తూ ఉండిపోయాను. మన భాష మహా పట్టింపు మనిషి. అతను వచ్చాడు, ఆమె వచ్చింది అని, క్రియ చివర తోక తగిలించి ఎవరు ఆడో ఎవరు మగో తేల్చేదాకా ఊరుకోదు. ఒక్క 'నేను' దగ్గరకొచ్చేసరికి మాత్రం నోరు మెదపదు. నేను వచ్చాను. నేను నడిపాను. నా నడుం పట్టేసింది. ఎవరు పలికితే వాళ్లదైపోతుంది. ఇన్ని కార్ల గురించి రాశానే, ఆయనకు ఒక్కసారైనా ఒక్క అక్షరం మార్చుకోవాల్సిన అవసరం రాలేదు. నా చేతుల్లోని వణుకు, నా వెన్నులోని గతుకు, కొండ మలుపులో నా సంతోషం, అన్నీ చొక్కా తొడుక్కున్నంత సులువుగా తొడుక్కున్నారు. ఆ చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చింది కూడా నేనే కదా అని నా మీద నాకే ఒళ్లు మండింది. కాసేపు ఏడ్చాను. మెషిన్ చప్పుడులో ఎవరికీ వినపడలేదు. తర్వాత, ఆయన ఒంటికి పట్టని 'నేను' ఒకటి వెతుక్కున్నాను. పెద్దగా వెతకాల్సిన పని లేకపోయింది. బట్టలు ఆరేసే వేళకి రాయడం అయిపోయింది.

షూటింగు ఆ మర్నాడు పొద్దున, మా భవనం వెనక ఖాళీ స్థలంలో. మధ్యాహ్నం కంపెనీ మనిషి వచ్చి కారు పట్టుకుపోతాడు, సాయంత్రం వీడియో పెడతానని మావారు వాళ్లకు మాటిచ్చారు. కెమెరా నేనే పట్టాను. కెమెరా కింద తెర మీద అక్షరాలు పాకుతుంటే ఆయన చూసి చెబుతారు. ముందుగా చదవరు, చదివితే సహజత్వం పోతుందట.

హార్స్‌పవరు, టార్కు గడగడా చెప్పారు. కొండ ఎక్కేటప్పుడు రెండో గేరులోకి దించాలన్న సంగతి, కారు ముందు అద్దం పక్కనుండే స్తంభం లావుగా ఉండి కూడలిలో అటునుంచి వచ్చే స్కూటరు కనపడని సంగతి, తానే కనిపెట్టినట్టు కళ్లు పెద్దవి చేసి చెప్పారు. తర్వాత గొంతు ఇంకాస్త గంభీరంగా పెట్టారు.

"ఇక సీటు బెల్టు. దీని ఎత్తు మార్చుకునే వీలు ఈ కారులో లేదు. పొట్టివాళ్లకి మెడ మీద కోసుకుంటుంది. నేను మా చిన్నదానికి పాలిచ్చే రోజుల్లో..."

ఆగారు. తెర వైపు వంగి చూశారు.

"ఏంటిది?"

"చదవండి. 'పాలు గడ్డకట్టిన రొమ్ము మీద ఇలాంటి బెల్టే ఒత్తుకుంటుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి.' దాని కింద క్లచ్చు గురించి ఉంది."

ఆయనే తెర మీది అక్షరాలను పైకి తోసుకుంటూ చూశారు. క్లచ్చు బరువుని వెనకటి కారుతో పోల్చి రాసిన చోట నేను తొమ్మిదో నెల కడుపుతో ఉన్నాను. సీటు మెత్తదనం గురించి రాసిన చోట నాకు కాన్పు కుట్లు ఇంకా ఆరలేదు. బ్రేకు గురించి రాసిన చోట నెలసరి రెండో రోజు.

"ఇవన్నీ నేనెలా చెప్తాను? బుద్ధుందా నీకు?"

"చెప్పలేరు."

"అయితే తీసెయ్!"

"తీసేస్తే కారు కూడా పోతుందండీ. నేను నడిపినప్పుడు నా ఒంటికి తెలిసిందే అక్కడుంది. రెండింటినీ విడదీయడం నాకు రాదు."

"సరే, నా సొంతంగా చెప్తా" అని కాలర్ సర్దుకున్నారు. నేను రికార్డింగు ఆపలేదు. "ఈ కారు... అంటే ఫ్రెండ్స్, బండి... చాలా స్మూత్‌గా, మంచి పవర్‌ఫుల్‌గా..." అన్నారు. కారు చుట్టూ ఒకసారి నడిచొచ్చారు. టైరుని తన్ని చూశారు. "బాగుంటుంది" అన్నారు. అంతటితో అయిపోయింది. పాపం అనిపించలేదు నాకు. అనిపించాలేమోనని ఒక క్షణం ఆగి చూసుకున్నాను, అనిపించలేదు.

"మధ్యాహ్నానికి వాడొచ్చేస్తాడు! నా పరువు తీద్దామనుకుంటున్నావా?"

కెమెరాని స్టాండుకి బిగించి వచ్చి, ఆయన చొక్కా మీది మైకు తీసుకుని నా భుజం దగ్గర పెట్టుకున్నాను.

"నీ మొహం చూడ్డానికి ఎవడొస్తాడే?" అన్నారు, గొంతు తగ్గించి.

"చూడక్కర్లేదు. వింటే చాలు. మీరు కాస్త పక్కకి జరగండి, నీడ పడుతోంది."

ఆయన జరిగారు. నేను కారు తలుపు తెరిచి, డ్రైవరు సీటులో కూర్చుని, కెమెరా వైపు తిరిగాను.

"నమస్కారం" అన్నాను. "ఇన్నాళ్లూ ఈ చానెల్లో మీరు విన్న 'నేను' నేనే."