పందుల పాలైన ట్వీటర్

మా మరిది కోటేష్‌ని ఆ రోజు చీపురుకట్ట తిరగేసి కొట్టాల్సింది. మొక్కజొన్న చేలో అడవి పందులు పడుతున్నాయని, కుక్కల అరుపులు రికార్డు చేసి, మంచె మీద స్పీకరు పెట్టి తెల్లవార్లూ మోగించాడు. మా వైపు రైతులందరూ చేసే పనే అది. కానీ వాడు పెట్టింది నా స్పీకరు. నేను పెళ్ళికని ఊరెళితే, చెప్పాపెట్టకుండా నా గదిలోంచి ఎత్తుకెళ్ళాడు.

సౌండు మొత్తం పెంచేసరికి దాని ట్వీటర్ కాలిపోయింది. సన్నటి శబ్దాలు పలికించే చిన్న స్పీకరది. మా ఆయన బాపయ్య నాటకాల్లో పద్యాలు పాడేవారు. ఆయన పోయాక నాకు మిగిలినవి కాసిని క్యాసెట్లు, ఆ గొంతును పక్కనే కూర్చుని పాడినంత వెచ్చగా వినిపించే ఆ పాత స్పీకరు పెట్టె.

సత్తెనపల్లిలో రేడియోలు బాగుచేసే ఖాజావలి కొట్టుకి కోటేష్ చేతే పెట్టె మోయించాను.

"ఈ కాగితం ట్వీటర్లు ఇప్పుడు రావట్లేదమ్మా. కొత్తరకం వేస్తా, ఇంకా క్లియర్‌గా ఉంటది," అని ఖాజావలి ఒకటి బిగించాడు.

క్యాసెట్ పెట్టి విన్నాను. 'స' వచ్చిన చోటల్లా స్టీలు పళ్ళేన్ని గరిటెతో గీకినట్టుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఈయనెవరయ్యా? మా ఆయన కాదు. పీకెయ్."

"పద్యం అర్థమవుతోందిగా వదినా. సర్దుకోరాదూ," అన్నాడు కోటేష్.

"నువ్వు నోరు ముయ్యరా. ఆ సర్దుకోమనేదేదో పందులకి చెప్పలేకపోయావా?"

ఖాజావలి ఎవరెవరికో ఫోన్లు చేశాడు. పర్చూరులో గుల్జార్ బేగం ఇంట్లో అదే రకం పెట్టె ఉందని తేలింది. ఆవిడ భర్త ఒకప్పుడు పెళ్ళిళ్ళకు మైకుసెట్లు అద్దెకిచ్చేవాడట. పెద్ద స్పీకరును ఎలుకలు కొరికేసినా ట్వీటర్ బాగానే ఉందట. ఎండలో బస్సులు మారి వెళ్ళాం. దారి పొడుగునా కోటేష్‌ని తిడుతూనే ఉన్నాను.

"మూలన పడి ఉండేకంటే మీ ఇంట్లో పాడనివ్వండి," అని గుల్జార్ బేగం దాన్ని కొంగుతో తుడిచి ఇచ్చింది.

మర్నాడు ఖాజావలి చేత వేయించి, ఇంటికి తెచ్చి క్యాసెట్ పెట్టాను. ఆయన వచ్చేశారు. రాగం ఎత్తే ముందు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. ఏడుపొచ్చింది. ఇంత గొంతును చేలో పారేశాడు కదా అని కోపం రెట్టింపైంది.

"ఊరంతా పందులకి చవక మైకు బూరలు కట్టుకుంటుంటే, నీకు నా పెట్టే దొరికిందట్రా?"

గుమ్మంలో నిలబడ్డ కోటేష్ తల ఎత్తలేదు.

"నా గది పక్కనే కదా వదినా. రోజూ సాయంత్రం అన్న పాడతాడు. పలకరిద్దామని లేచి, ఈ గుమ్మం దాకా వచ్చి ఆగిపోతా. ఇక నావల్ల కాలేదు. చేలో పెడితే పాడైపోద్దని తెలిసే తీసుకెళ్ళా."

చేతికందిన చెంబు విసిరాను. అది తలుపుకు తగిలి దొర్లింది.

"ఆ ముక్క అప్పుడే చెప్పి ఏడవొచ్చు కదరా," అని అరిచాను.

వాడు అక్కడే కూలబడి నిజంగానే ఏడ్చాడు. నేను లేచి క్యాసెట్ ఆపేశాను. పద్యం మధ్యలో ఆయన్ని ఆపడం నా జన్మలో అదే మొదలు.