గ్రహణానికి ముందే తయారైన చెయ్యి

పొద్దుటి బస్సుకు బాలలక్ష్మిని బీర్కూరులోని పుట్టింటికి పంపెయ్యాలని అత్త ఈరవ్వ తేల్చేసింది. మళ్లీ పిలిచేది లేదని కూడా చెప్పింది.

నేరం ఒకటే. పురిటి పసిదాని కుడిచేతికి బొటనవేళ్లు రెండు. ఆ ఏడు, 1995లో, దీపావళి పండుగకు సూర్యగ్రహణం పట్టింది. కడుపుతో ఉన్న బాలలక్ష్మి అప్పుడు చాట ముందేసుకుని బీడీ ఆకు కత్తిరించింది. మర్నాడు కార్ఖానాకు బీడీలు అప్పజెప్పాలి మరి. లింగంపేటలో ఆ వాడంతా చూసింది.

మొగుడు రాజలింగు తల్లికి ఎదురు చెప్పలేక గుమ్మంలో నిలబడ్డాడు. అతణ్ని తోసుకుని లోపలికొచ్చింది చెల్లెలు గంగామణి. కామారెడ్డి కాలేజీలో జంతుశాస్త్రం చదువుతోంది. భుజాన సంచి కూడా దించలేదు.

"అవ్వా, ఆకు కోస్తే వేలు తెగాలె గని, ఎక్కువెట్ల మొలిచిందే?"

"నాతోని వాదానికొచ్చినవా? గ్రహణం నాడు కత్తెర వట్టింది. గంతే."

"కత్తెర కాదే. కడుపుల చెయ్యి ముందుగాల బుడిపె లెక్క ఉంటది. దాని ఒక అంచున ఓ జన్యువు కబురు వంపుతది. కబురు గట్టిగ అందినకాడ చిటికెనవేలు, అందనికాడ బొటనవేలు. గుడ్డుల ఉన్న కోడిపిల్లకు ఆ అంచు ముక్కను రెండోదిక్కు అతికిచ్చి చూసిన్రు. రెక్కకు వేళ్లు రెండింతలైనయి. మన పొల్లకు గూడ రెండోదిక్కు జర కబురు పుట్టి ఉంటది."

"కోళ్ల ముచ్చట నాకు జెప్పకు."

"మనుషుల ముచ్చటే జెప్త. మూడో నెల నిండకముందే వేళ్లన్నీ తయారైతయి. గ్రహణం నాటికి వదినెకు ఏడో నెల."

"నువ్వు జూసినవా?" ఈరవ్వ గద్దించింది.

గంగామణి గొంతు తగ్గించింది. "నేను జూడలె. నువ్వు జూసినవ్. అన్న తర్వాత, నాకంటె ముందు. నువ్వే జెప్పినవ్ గద."

ఈరవ్వ పెరటి వైపు చూసింది. మూడో నెల నిండాక జారిపోయిన ఆ బిడ్డను ఆమె తన చేతులతోనే పెరట్లో పూడ్చింది.

"వేళ్లుండె," అంది. "సన్నగ, దారప్పోగుల లెక్క. ఐదుకు ఐదుండె."

ఈరవ్వ కోడలి వైపు తిరిగింది. "పొల్లకు పాలిచ్చినవా?" ప్రసవమయ్యాక ఆమె కోడలిని పలకరించడం అదే మొదలు. బాలలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది.

పక్కింటి కుల్సుం గోడ మీదుగా తొంగిచూసింది. "ఈరక్కా, బస్సు టైమైతుంది. పంపుతలేవా?"

ఈరవ్వ పసిదాన్ని ఎత్తుకుని వాకిట్లోకి నడిచింది. రెండు బొటనవేళ్ల చేతిని ఊరంతటికీ కనబడేలా పైకెత్తి పట్టుకుంది.

"ఎవలను వంపాలె? నా మనవరాలి చెయ్యి మామిడికాయ తొక్కు పెట్టిన నెలలనే తయారైంది. గ్రహణం ఎనుకనొచ్చింది. నమ్మకుంటే నా బిడ్డనడుగు, కామారెడ్డిల చదువుతుంది. గంగామణీ, ఇటు రా! ఆ కబురు ముచ్చట ఇంకోపారి జెప్పు. గట్టిగ జెప్పు, వాడంత ఇనాలె!"