ఓడిపోయినాడు

ఇడ్లీ రేకులు దించుతున్న భువనేశ్వరికి వెనక అడుగుల చప్పుడు వినపడింది. తెల్లారినప్పట్నుంచి ఇది నాలుగోసారి. సత్య వంటింట్లోకి వస్తుంది, ఫోను చూసుకుంటుంది, మళ్ళీ మేడెక్కుతుంది. కాలుగాలిన పిల్లి అని ఊరికే అన్నారా!

"ఏంది పాపా, యాడా నిలవనంటావు?"

"ఇవాళే అక్కా మా దేశంలో ఓట్లు లెక్కపెట్టేది. నాన్న నిలబడ్డాడు కదా!"

సత్యది మొరీషస్. ముత్తాతల నాడు ఓడెక్కిపోయిన తెలుగువాళ్ళు. రెడ్డియార్‌పాళయంలోని ఈ ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. తండ్రి ఏ పార్టీ అండా లేకుండా పోటీ చేస్తుంటే కన్నకూతురు ఓటైనా వేయలేకపోయింది. పరీక్షలు వదిలిపోయే వీల్లేదు, ఇక్కణ్ణుంచి వేసే దారీ లేదు.

భువనేశ్వరి పదిహేడేళ్ళుగా ఇక్కడ వండుతోంది. రోజూ విల్లియనూరు నుంచి మొదటి బస్సుకొస్తుంది. పొట్టి మనిషి, ముంజేతుల నిండా నూనె చిందిన మచ్చలు. ఆమె తెలుగులో సగం తమిళమే. అయినా సత్యకు ఈ తమిళ ఊళ్ళో తెలుగు మాట్లాడే దిక్కు ఆమె ఒక్కతే.

మధ్యాహ్నం చారుకు పోపు పెడుతుంటే సత్య వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

"అక్కా, నాన్న ఓడిపోయాడు."

భువనేశ్వరి గరిటె పక్కన పడేసింది. అయ్యో, ఆడపిల్లను పరదేశంలో పెట్టి ఎంత పని చేశాడు! పక్కన చతికిలబడి పిల్ల తలను ఒళ్ళోకి లాక్కుంది.

"ఏడవద్దు పాపా. నా మొగుడూ ఓడిపోయినాడు. టైలర్ కడ, అదే అంగడి, మూసినాడు, మర్నాడు చూస్తే మనిషి లేడు. పద్దెనిమిదేండ్లాయె, ఇప్పటికీ ఒళ్ళు మండుతాది. పరిగెత్తినోడి కోసం ఏడుస్తారా?"

సత్య కళ్ళు తుడుచుకుని వింతగా చూసింది. "పరిగెత్తడమేంటక్కా? నాన్న ఇంట్లోనే ఉన్నాడు. ఓట్లు చాలలేదు. గెలవలేదు."

"తోత్తుపోయినాడా? మరి ఓడిపోయినాడంటివే!"

"తెలుగులో దాన్నే ఓడిపోవడం అంటారక్కా."

తమిళంలో ఓడిపోవడమంటే పారిపోవడం; గెలవకపోతే తోత్తుపోవడం. పద్దెనిమిదేళ్ళుగా మొగుడేడని అడిగిన ప్రతివాళ్ళకూ ఆ మాటే చెప్పింది, తిట్టినట్టు చెప్పింది. రెడీమేడ్ బట్టలొచ్చాక, కుట్టేందుకు గుడ్డముక్క లేక మిషను ముందు ఊరికే కూర్చున్న గోవిందరాజన్ ఆమెకు ఏనాడూ గుర్తురాలేదు. ఇప్పుడు గుర్తొచ్చాడు. ఓడిపోయాడు, పాపం, అనుకుంది. మొగుణ్ణి పాపం అనుకోవడం అదే మొదటిసారి. పోపు మాడిన వాసన వచ్చేదాకా లేవలేదు.

పొద్దుగూకేవేళ ఇల్లు చేరి, కాళ్ళు కడుక్కోబోయి పెరట్లో ఆగింది. నీళ్ళ తొట్టి మీద మూతగా ఇన్నేళ్ళూ బోర్లా పడున్న రేకును రెండు చేతులా తిరగేసింది. మూసేసిన అంగడి బోర్డు. నాచు పట్టిన నీలం రంగు మీద కత్తెర బొమ్మ, పక్కన తెల్లటి అక్షరాల్లో గోవిందరాజన్ పేరు.