కొండదారిలో ప్లగ్గు ఆయుష్షు

నేను ఒక అలసిపోయిన స్పార్క్ ప్లగ్గుని. చూపుడు వేలంత ఉంటాను. ఒంటికి ఇనుము, మెడకి తెల్ల పింగాణీ, అడుగున వంకీ తిరిగిన చిన్న ముక్కు. ఆ ముక్కు దగ్గర పుట్టే నిప్పురవ్వ పెట్రోలు ఆవిరిని అంటిస్తేనే మోటారుసైకిలు కదులుతుంది. రవ్వ పుట్టించడం తప్ప నాకు వేరే పని రాదు. ఆ ఒక్క పనితోనే ఒళ్లు హూనమైపోయింది.

ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో, నాలాంటి వేలాది ప్లగ్గులతో కలిసి పుట్టాను. మట్టిని కాల్చి పింగాణీ చేశారు. ఇనుముకి మరలు చెక్కారు. కాగితపు డబ్బాలో పెట్టి, నేను ఎన్ని వేల కిలోమీటర్లు పనిచేస్తానో దాని మీద అచ్చువేశారు. మనుషుల ధైర్యం చూస్తే ముచ్చటేస్తుంది. రేపు తాము ఉంటామో లేదో చెప్పలేనివాళ్లు నా ఆయుష్షు మాత్రం ముందే రాసేశారు. ఆ లెక్క కూడా నున్నటి తారురోడ్డు మీద వేసింది. నా తలరాత పాడేరు కొండల్లో ఉందని వాళ్లకేం తెలుసు?

నన్ను బిగించింది కొండలెక్కడానికే చేసిన బండికి. ఎత్తైన ఒళ్లు, మట్టిని కరుచుకునే పళ్లున్న టైర్లు. దాన్ని నడిపేది వంతల రాజులమ్మ, కొండ మీది ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు. రోడ్డు లేని ఊళ్లకి తిరగడానికని ఆ బండి ఇచ్చారు. ఆడమనిషి దాని మీద వస్తుంటే మొదట్లో జనం నవ్వేవారట. నేను వచ్చేసరికి ఆ నవ్వు పాతబడింది.

ఆ దారుల్లో బండి ఎప్పుడూ ఒకటో గేరులోనే మూలుగుతూ ఎక్కుతుంది. వేగం ఉండదు, పెట్రోలు పూర్తిగా మండదు. మండని మసంతా వచ్చి నా ముక్కుకే పట్టుకుంటుంది. ఎండాకాలం దుమ్ముతో ఎయిర్ ఫిల్టరు మూసుకుపోతే మసి ఇంకా ఎక్కువ. వానాకాలం వాగులు దాటితే తడి. డబ్బా మీది లెక్కలో సగం దూరమైనా తిరగకుండానే నా రవ్వ పలచబడిపోయింది. రాజులమ్మ అప్పుడప్పుడూ నన్ను విప్పి గరుకు కాగితంతో రుద్దేది.

"ఇంకొన్నాళ్లు ఓపిక పట్టవే. సంతకెళ్లినప్పుడు కొత్తది తెస్తాను" అనేది.

ఇంతలో వానలు ముసురుకున్నాయి. సంతకి వెళ్లడం కుదరలేదు.

ఆ కొండ మీదే కొర్రా సోంబరి అని ఒక దిసారి ఉండేవాడు. ఊరికి పూజలు చేసేదీ, రోగాలకి పసరు పోసేదీ ఆయనే. సూది గుచ్చితే నెత్తురు విరిగిపోతుందని ఆయన అందరికీ చెప్పేవాడు. అందుకని ఆడవాళ్లు రాజులమ్మ దగ్గరికి పిల్లల్ని చాటుగా తీసుకొచ్చేవారు. దారిలో ఎదురుపడినా వాళ్లిద్దరూ పలకరించుకునేవారు కాదు.

ఒక వాన మధ్యాహ్నం ఆయన భార్య చిలకమ్మ తడిసి ముద్దయి పరుగెత్తుకొచ్చింది.

"ఒలమ్మా, మా ముసిలోడ్ని రక్తపింజిరి కరిసీసింది! కాలు ఉబ్బిపోయింది. తనే పసరేసుకున్నాడు, అది ఆగనేదు."

పాము విషానికి మందు కొండ కింద పెద్దాసుపత్రిలో ఉంది. రాజులమ్మ చిలకమ్మని ఎక్కించుకుని తిన్నగా వాళ్లింటికి పోనిచ్చింది. మంచం మీద సోంబరి పళ్లు బిగించుకుని పడుకున్నాడు.

"నీ బండెక్కితే రేపు నా మొకం ఎవులు సూత్తారు?" అన్నాడు.

"రేపు బతికుంటేనే కదా తాతా, మొకం సంగతి? లెగు."

ఆయన్ని మధ్యలో కూర్చోబెట్టి, చిలకమ్మ వెనక నుంచి పట్టుకుంది. ముగ్గురి బరువు, ఒకటే బురద. వాగు మధ్యలోకి వచ్చేసరికి ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. ఆడవాళ్లిద్దరూ ముసలాయన్ని ఒడ్డుకి చేర్చి, బండిని తోసుకొచ్చారు. రాజులమ్మ కిక్కు కొడుతూనే ఉంది. మసిలో నుంచీ తడిలో నుంచీ కరెంటు జారిపోతోంది, రవ్వ పుట్టడం లేదు. నిజం చెబుతున్నాను, ఇక చాలనిపించింది నాకు.

ఆమె నన్ను విప్పింది. గరుకు కాగితం నానిపోయింది. పైట పిన్నీసు తీసి మసి గీకింది.

"తడి ఆరాలి. వేడి చెయ్యాలి. నిప్పెక్కడ తెచ్చేది?" అంది, తనలో తనే.

రాయికి ఆనుకున్న సోంబరి చిగుళ్ల నుంచి అప్పటికే నెత్తురు కారుతోంది. ఆయన మొలలో తడుముకుని, ప్లాస్టిక్ కవరులో చుట్టిన అగ్గిపెట్టె తీసి చాచాడు. చుట్ట కోసం దాచుకున్నది.

"నా కాడున్న మందు ఇదొక్కటే, తల్లీ" అన్నాడు.

ఆమెని ఆయన తల్లీ అని పిలవడం అదే మొదలు.

చిలకమ్మ పైటచెంగు గొడుగులా పట్టింది. రాజులమ్మ నన్ను పట్టకారుతో పట్టుకుని, పుల్ల తర్వాత పుల్ల గీసి కాచింది. నీళ్లు ఆవిరయ్యాయి. మసి రాలిపోయింది. మళ్లీ బిగించి, కళ్లు మూసుకుని కిక్కు కొట్టింది. నాలో మిగిలిన ఓపికంతా కూడగట్టుకున్నాను. రవ్వ పుట్టింది. బండి అందుకుంది. ఆసుపత్రి గుమ్మం దాకా ఆమె ఇంజను ఆగనివ్వలేదు.

సోంబరి కాలి వేళ్లు రెండు తీసేశారు. ప్రాణం నిలిచింది.

వానలు తగ్గాక రాజులమ్మ వసారాలో కూర్చుని కొత్త ప్లగ్గు బిగించి, నన్ను ఇనుప సామాన్ల డబ్బాలో పడేసింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడే కర్ర పొడుచుకుంటూ సోంబరి వచ్చాడు.

"అది నాకియ్యి."

"చచ్చిపోయిన ప్లగ్గు తాతా. ఏం చేసుకుంటావు?"

"నాకు పనుంది."

ఇప్పుడు ఆయన గుమ్మానికి పసుపుతాడుతో వేలాడుతున్నాను. పక్కన నెమలీకలు. జబ్బుతో ఎవరొచ్చినా ఆయన మంత్రం చదివి, నన్ను వాళ్ల తల చుట్టూ తిప్పి దిగతుడుస్తాడు. ఆ తర్వాత, "దేవతకి సెప్పీసినాను. ఇంక రాజులమ్మ కాడికెల్లి సూదేయించుకో" అంటాడు. వాళ్లు మారుమాట లేకుండా వెళతారు.

నాలో ఏ మహిమా లేదు. ఆ సంగతి సోంబరికీ తెలుసని నా అనుమానం. కానీ పసుపు రాసి దండం పెట్టేవాళ్లతో ఏమని చెప్పను? ఎవరైనా నన్ను దింపి ఏ తుప్పల్లోనైనా విసిరేస్తే హాయిగా తుప్పు పడతాను.

ఇంకా సరిగ్గా తెల్లవారనేలేదు. గుమ్మం బయట ఎవరో పసిబిడ్డ దగ్గుతోంది. సోంబరి కర్ర చప్పుడు ఇటే వస్తోంది.